తెలుగు అక్షరాలకు గాజు మెరుపు: ఫోటోషాప్‌లో మొదటి నుంచి చివరి దాకా

పండగ పోస్టర్లు చేసుకునేవాళ్లు, ఫ్లెక్సీ షాపుల్లో కొత్తగా చేరినవాళ్లు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లతో కుస్తీ పడేవాళ్లు పదే పదే అడిగేది ఒకటే. "వీడియోలో చూపించినట్టే చేశాను. వాళ్లకు అక్షరాలు గాజులా మెరుస్తున్నాయి, నాకు మాత్రం మసక మసకగా, సున్నం పూసినట్టు వస్తున్నాయి. ఎక్కడ తప్పు?"

సాధారణంగా తప్పు రెండు చోట్ల ఉంటుంది. మెరుపు అంటే తెలుపు ఎక్కువ పోయడం అనుకోవడం మొదటిది. రెండోది మన చేతిలో లేనిది: ఆ వీడియోలన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల మీద చేసినవి. అవన్నీ ఒకే ఎత్తులో వరసగా నిలబడతాయి కాబట్టి సగానికి గీత గీసి పై సగం తెల్లగా చేస్తే పనైపోతుంది. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు వేలాడుతుంది. అందులో సగం ఎక్కడో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, మనమే చూపించాలి.

ఇక్కడ "సంక్రాంతి" అన్న మాట మీద చేద్దాం. ఇందులో సున్నలు, గుడి, దీర్ఘం, ర-వత్తు అన్నీ ఉన్నాయి. ఇది వస్తే ఏ మాటైనా వస్తుంది.

కావాల్సినవి

• ఫోటోషాప్, ఇటీవలి వెర్షన్ ఏదైనా. లేనివాళ్లకు గింప్ పద్ధతి చివర్లో ఉంది.

• మందమైన యూనికోడ్ తెలుగు ఫాంటు. బాలూ తమ్ముడు 2, అనేక్ తెలుగు, రామభద్ర మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఈ పనికి నా ఓటు బాలూ తమ్ముడు ఎక్స్‌ట్రా బోల్డ్‌కే. దాని గీతల చివర్లు గుండ్రంగా ఉంటాయి కాబట్టి వెలుగు వంపు తిరిగినట్టు కనిపిస్తుంది. మండలి లాంటివి చదువుకోవడానికి చేసిన ఫాంట్లు. ఆ సన్నటి గీతల మీద మెరుపు పెట్టడానికి చోటే ఉండదు.

• అను ఫాంట్లతో అలవాటున్నవాళ్లు వాటితోనే చేసుకోవచ్చు. లేయర్ స్టైల్‌కు (లేయర్ మీద వేసే రంగు, ఉబ్బెత్తు, నీడ లాంటి ఎఫెక్టులకు) ఫాంటు ఏదైనా ఒకటే. కాకపోతే ఆ ఫైలు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు వాళ్ల దగ్గర ఆ ఫాంటు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

1. ముందు అక్షరం సరిగ్గా పడుతోందో లేదో చూడండి

"సంక్రాంతి" అని టైప్ చేయండి. "క్రా" ఒకే అక్షరంగా, ర-వత్తుతో సహా వచ్చిందా? లేక "క్" పొల్లుతో ఆగి, పక్కన "రా" విడిగా నిలబడిందా? విడిపోతే ఫాంటు మార్చి లాభం లేదు, తప్పు సెట్టింగ్‌లో ఉంది. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి, సౌత్ ఏషియన్ అని గానీ వరల్డ్-రెడీ అని గానీ ఉన్న ఆప్షన్ ఎంచుకోండి. వెర్షన్‌ను బట్టి పేరు మారుతుంది. తర్వాత ఫోటోషాప్ మూసి, మళ్లీ తెరిచి, కొత్త ఫైల్లో టైప్ చేయండి. పాత ఫైల్లో విరిగిన మాట అలాగే ఉంటే, ఆ లేయర్ ఎంచుకుని పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కూడా వరల్డ్-రెడీ పెట్టండి.

మరీ పాత వెర్షన్ అయి ఈ ఆప్షన్లేవీ లేకపోతే, మాటను గింప్‌లోనో ఇంక్‌స్కేప్‌లోనో పెద్ద సైజులో టైప్ చేసి, వెనక ఏమీ లేని పీఎన్‌జీగా తెచ్చుకోండి. లేయర్ స్టైల్స్ దాని మీదా అచ్చంగా ఇలాగే పనిచేస్తాయి. అక్షరదోషం లేదని మాత్రం ముందే చూసుకోండి, తర్వాత దిద్దడం కుదరదు.

2. కాన్వాసు, అక్షరం సైజు

1920 × 1080 పిక్సెళ్ల కొత్త ఫైలు, ఆర్‌జీబీ మోడ్. బ్యాక్‌గ్రౌండ్‌కు ముదురు రంగు వేయండి: ఎరుపు 40, ఆకుపచ్చ 6, నీలం 10. తెల్ల కాగితం మీద గాజు మెరుపు తేలదు కాబట్టి నేర్చుకునేటప్పుడు ముదురు మీదే చేయండి.

మాట కాన్వాసు వెడల్పులో ముప్పావు వంతు దాకా రావాలి. క్యారెక్టర్ ప్యానెల్లో ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) 15 నుంచి 25 మధ్య పెట్టండి. అక్షరాలు ఒకదానికొకటి తగులుతుంటే, తర్వాత వేసే అంచులు కలిసిపోయి ముద్దగా కనిపిస్తాయి.

ఇప్పుడే రూలర్ టూల్‌తో "స" గీత మందం కొలిచి ఎక్కడైనా రాసుకోండి. ఉదాహరణకు 45 పిక్సెళ్లు వచ్చిందనుకుందాం. కింద నేను చెప్పే అంకెలన్నీ ఆ మందానికి సరిపోయేవి. మీ గీత అందులో సగమే ఉంటే సైజు, డిస్టెన్స్ అంకెలూ సగం చేయండి. చాలామంది వీడియోలోని అంకెను మక్కీకి మక్కీ దించేసి దెబ్బ తినేది ఇక్కడే.

3. లోపలి రంగు

టెక్స్ట్ లేయర్ మీద డబుల్ క్లిక్ చేస్తే లేయర్ స్టైల్ పెట్టె తెరుచుకుంటుంది. గ్రేడియంట్ ఓవర్‌లే టిక్ చేయండి. స్టైల్ లీనియర్, యాంగిల్ 90. ఎడమ చివర రంగు 230, 50, 40. కుడి చివర రంగు 110, 0, 12. యాంగిల్ 90 ఉన్నప్పుడు ఎడమ చివర రంగు అక్షరం అడుగున పడుతుంది. అంటే పైన ముదురు, కింద లేత.

తిరగేసి చెప్పాననుకోకండి. గాజులోకి పైనుంచి దిగిన వెలుగు అడుగు భాగాన్ని వెలిగిస్తుంది. పైగా మనం పెట్టబోయే తెల్ల మెరుపు పై భాగంలో పడుతుంది, అక్కడ రంగు ముదురుగా ఉంటేనే అది ఎత్తి చూపిస్తుంది. 2001లో వచ్చిన మాక్ ఓఎస్ టెన్‌లో ఆ జెల్లీ బటన్లు గుర్తున్నవాళ్లకు ఈ వాటం తెలుసు. పైన పదునైన తెలుపు, అడుగున లేత రంగు. ఆ ఫ్యాషన్ 2013లో ఐఓఎస్ 7తో ఫ్లాట్ డిజైన్ వైపు తిరిగింది గానీ, మన ఫ్లెక్సీల మీద మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

ఒక చిన్న సర్దుబాటు. అలైన్ విత్ లేయర్ టిక్ ఉంటే ఫోటోషాప్ గుడి పైకొస నుంచి వత్తు కింది అంచు వరకు మొత్తం ఎత్తు తీసుకుని రంగు పరుస్తుంది. దాంతో లేత రంగంతా ర-వత్తుకే పోయి, అక్షరం ఒళ్లు ముదురుగా ఉండిపోతుంది. లేయర్ స్టైల్ పెట్టె తెరిచి ఉండగానే, గ్రేడియంట్ ఓవర్‌లే పేరు ఎంచుకుని, కాన్వాసు మీద మౌస్‌తో పట్టుకుని పైకి లాగండి. రంగు జరుగుతుంది. "స" అడుగుభాగం బాగా వెలిగేదాకా జరపండి.

4. బెవెల్ అండ్ ఎంబాస్

అక్షరానికి ఉబ్బెత్తు ఇచ్చేది ఇదే. అదే పెట్టెలో ఇవి పెట్టండి:

• స్టైల్ ఇన్నర్ బెవెల్, టెక్నిక్ స్మూత్, డెప్త్ 150 శాతం, డైరెక్షన్ అప్
• సైజు 10, సాఫ్టెన్ 2
• యాంగిల్ 110, ఆల్టిట్యూడ్ 65, యూజ్ గ్లోబల్ లైట్ టిక్
• హైలైట్ మోడ్ స్క్రీన్, తెలుపు, 60 శాతం
• షాడో మోడ్ మల్టిప్లై, 45 శాతం. రంగు నలుపు కాదు, 60, 0, 8 లాంటి ముదురు మెరూన్

ఆల్టిట్యూడ్ మామూలుగా 30 ఉంటుంది. అలా వదిలేస్తే వెలుగు అంచుకే అతుక్కుని రేకు మీద అచ్చొత్తినట్టు కనిపిస్తుంది. 60 దాటితే వెలుగు అక్షరం ముఖం మీదికి వస్తుంది.

సైజు గీత మందంలో మూడో వంతు దాటకూడదు. 45 పిక్సెళ్ల గీతకు 15 గరిష్ఠం. దాటితే ముందు పాడయ్యేవి సున్నలు, వత్తులు. మాటలో మిగతా అక్షరాలు బాగానే ఉండి వత్తు ఒక్కటే బురదలో ముంచినట్టు ఉంటే, సైజు తగ్గించండి, ఇంకేమీ ముట్టుకోవద్దు.

5. అడుగు అంచున వెలుగు

ఇన్నర్ షాడో టిక్ చేయండి. పేరు షాడో అయినా దీన్ని వెలుగుకు వాడుకుంటాం. బ్లెండ్ మోడ్ మల్టిప్లై నుంచి స్క్రీన్‌కు మార్చి, రంగు లేత నారింజ 255, 170, 90 ఇవ్వండి. ఒపాసిటీ 40, డిస్టెన్స్ 5, సైజు 10, యాంగిల్ −90.

యాంగిల్ మార్చే ముందు యూజ్ గ్లోబల్ లైట్ టిక్ తీసేయాలి. మరిచిపోతే ఇక్కడ మార్చిన యాంగిల్ బెవెల్‌కూ డ్రాప్ షాడోకూ కూడా పాకుతుంది, వెలుగంతా కిందినుంచి వస్తున్నట్టు తలకిందులవుతుంది. "అంతా బాగానే ఉండింది, ఉన్నట్టుండి పాడైంది" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం.

6. అసలు మెరుపు

ఇప్పటిదాకా చేసింది ప్లాస్టిక్. గాజు అయ్యేది ఈ మెట్టులో.

ముందు ఒక పని చేయండి. వంటింట్లోకి వెళ్లి, ట్యూబ్‌లైటు కింద ఒక స్టీలు గిన్నె, ఒక మట్టి పాత్ర పక్కపక్కన పెట్టి చూడండి. మట్టి మీద వెలుగు పరుచుకుని ఎక్కడ ఆగిందో తెలియకుండా కరిగిపోతుంది. స్టీలు మీద ట్యూబ్‌లైటు చార కత్తిరించినట్టు ఆగిపోతుంది. నునుపు అని మన కంటికి చెప్పేది ఆ కత్తిరించిన అంచే, తెలుపు మోతాదు కాదు. మీ మెరుపుకూ అలాంటి అంచు ఒకటి ఉండాలి.

(క) కంట్రోల్ + ఆర్ నొక్కి రూలర్లు తెచ్చుకోండి. రెండు అడ్డ గైడ్లు లాగండి: ఒకటి "స" ఒంటి అడుగున, రెండోది తలకట్టు కింద, ఒళ్లు మొదలయ్యే చోట. ర-వత్తునూ గుడినీ లెక్కలోకి తీసుకోవద్దు. ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో మూడో గైడ్ పెట్టండి. మెరుపు ఆగాల్సింది అక్కడ.

(ఖ) కంట్రోల్ నొక్కి ఉంచి లేయర్స్ ప్యానెల్లో టెక్స్ట్ లేయర్ బొమ్మ మీద క్లిక్ చేయండి. అక్షరాల చుట్టూ సెలెక్షన్ వస్తుంది. సెలెక్ట్, మోడిఫై, కాంట్రాక్ట్‌కు వెళ్లి 5 పిక్సెళ్లు ఇవ్వండి. మెరుపుకూ అక్షరం అంచుకూ మధ్య ఈ సన్నటి రంగు గీత మిగలాలి. ఇది లేకపోతే గాజుకు మందం ఉన్నట్టు అనిపించదు.

(గ) టెక్స్ట్ లేయర్ పైన కొత్త లేయర్ తీసుకుని "మెరుపు" అని పేరు పెట్టండి.

(ఘ) ఎలిప్టికల్ మార్క్యూ టూల్ తీసుకోండి. పైన ఆప్షన్ల బార్‌లో నాలుగు చిన్న చదరాల్లో చివరిది ఇంటర్‌సెక్ట్. అది నొక్కి, మాట కన్నా వెడల్పైన పెద్ద దీర్ఘవృత్తం గీయండి. దాని పైభాగం మాట పైనుంచి బయటికి పోవాలి, కింది వంపు మూడో గైడ్‌ను మాట మధ్యలో తాకాలి. మౌస్ వదలగానే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగం మాత్రమే మిగులుతుంది. షిఫ్ట్, ఆల్ట్ కలిపి పట్టుకున్నా ఇదే పని జరుగుతుంది గానీ, వదలకుండా గీస్తే అండాకారం బదులు గుండ్రం వస్తుంది. బటన్ నొక్కడమే నయం.

వంపు మరీ లోతుగా ఉంటే చివరి అక్షరాలకు మెరుపు అందదు. ఇక్కడ "స", "తి" రెండూ కొసల్లో ఉన్నాయి, వాటికి కనీసం ఒంటిలో మూడో వంతైనా మెరుపు రావాలి. రాకపోతే కంట్రోల్ + జెడ్ కొట్టి ఇంకా వెడల్పైన వృత్తం గీయండి.

(ఙ) గ్రేడియంట్ టూల్, రంగు తెలుపు, ఫోర్‌గ్రౌండ్ టు ట్రాన్స్‌పరెంట్. కొత్త వెర్షన్లలో ఆప్షన్ల బార్‌లో క్లాసిక్ గ్రేడియంట్ ఎంచుకోండి, లేకపోతే అది వేరే ఫిల్ లేయర్ తయారుచేస్తుంది. మాట పైకొస నుంచి కిందికి నిట్టనిలువుగా లాగండి. షిఫ్ట్ పట్టుకుంటే వంకర పోదు.

ఎక్కడిదాకా లాగాలన్నదే కీలకం. సెలెక్షన్ అంచు దగ్గర ఆపితే అంచుకు చేరేసరికి తెలుపు సున్నా అయిపోతుంది, కత్తిరించిన గీత కనబడదు, మళ్లీ మట్టి పాత్రే. వత్తుల కింది దాకా, అంటే అంచు దాటి బాగా దిగువకు లాగండి. అప్పుడు అంచు దగ్గర కూడా కాస్త తెలుపు మిగులుతుంది.

(చ) కంట్రోల్ + డి తో సెలెక్షన్ తీసేసి, లేయర్ మోడ్ స్క్రీన్, ఒపాసిటీ 60 చేయండి.

ఇక ర-వత్తు. పెద్ద వృత్తం దాన్ని తాకదు, దాంతో అది మిగతా మాటతో సంబంధం లేనట్టు మిగిలిపోవచ్చు. వత్తు మందంగా ఉంటే (ఖ) నుంచి మళ్లీ చేసి, దాని పై వంపుకు మాత్రం చిన్న మెరుపు వేరే లేయర్లో వేయండి. ఒపాసిటీ 25 చాలు. సన్నటి వత్తయితే బెవెల్‌తోనే వదిలేయడం మంచిది. సున్నల సంగతి పట్టించుకోనక్కర్లేదు, వృత్తం వాటిని తనంతట తనే సగానికి కోస్తుంది.

రెండు లైన్ల శీర్షిక ఉంటే ప్రతి లైనును వేరే టెక్స్ట్ లేయర్‌గా పెట్టి, రెండింటికీ వేర్వేరుగా మెరుపు వేయాలి. కలిపి వేస్తే పై లైనంతా తెల్లగా, కింది లైనంతా ఎర్రగా వస్తుంది.

7. స్ట్రోక్, నీడ

స్ట్రోక్ 3 పిక్సెళ్లు, పొజిషన్ ఔట్‌సైడ్, ముదురు మెరూన్. బంగారు అంచు కావాలనుకుంటే ఫిల్ టైప్ గ్రేడియంట్‌కు మార్చుకోండి. ఎంత మోజున్నా 6 దాటించకండి, సున్న మధ్య కన్నం పూడిపోతుంది. డ్రాప్ షాడో మల్టిప్లై, 50 శాతం, డిస్టెన్స్ 8, సైజు 14, గ్లోబల్ లైట్ టిక్‌తో.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూసుకోండి

అన్నిటికన్నా పైన హ్యూ/శాచురేషన్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి శాచురేషన్ −100 చేయండి. రంగు పోయాక కూడా మూడు మెట్లు విడివిడిగా కనిపించాలి: పైన తెల్లటి మెరుపు, దాని కింద ముదురు నడుము, అడుగున లేత వెలుగు. మొత్తం ఒకే బూడిద రంగులో కలిసిపోతే, మీకిప్పటిదాకా బాగుందనిపించింది ఎరుపు రంగే, మెరుపు కాదు. పైన 3లో చెప్పిన "లోపలి రంగు"కు వెళ్లి పై రంగు ఇంకా ముదురు చేయండి. చూసుకున్నాక ఆ అడ్జస్ట్‌మెంట్ లేయర్ తీసేయడం మరవకండి.

జూమ్ 25 శాతానికి తగ్గించండి. మాట చదవగలుగుతున్నారా, మెరుపు అంచు తెలుస్తోందా? థంబ్‌నెయిల్ ఫోన్లో కనిపించేది దాదాపు ఈ సైజులోనే. "క్రా" కింద వత్తు మరకలా అయిపోతే స్ట్రోక్, నీడ రెండూ తగ్గించాలి.

మెరుపు లేయర్ కన్ను గుర్తు నొక్కి ఆర్పి, వెలిగించండి. తేడా ఠక్కున తెలియాలి, కానీ అక్షరం ఆకారం మారినట్టు అనిపించకూడదు. మారినట్టు ఉంటే తెలుపు ఎక్కువైంది, ఒపాసిటీ 45కు దించి చూడండి.

పోస్టర్లో మనిషి ఫోటో కూడా ఉంటే అతని ముఖం మీద వెలుగు ఎటునుంచి పడుతోందో చూసి గ్లోబల్ లైట్ యాంగిల్ అటే తిప్పండి. ఫోటోలో ఎడమ నుంచి, అక్షరానికి కుడి నుంచి వెలుగు పడితే చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ, "ఏదో అతికించినట్టుందే" అంటారు.

సైజు మారిస్తే వచ్చే తంటా

లేయర్ స్టైల్ అంకెలు పిక్సెళ్లలో ఉంటాయి. ఫ్రీ ట్రాన్స్‌ఫార్మ్‌తో మాటను రెండింతలు పెంచితే అక్షరం పెరుగుతుంది గానీ బెవెల్ 10 దగ్గరే ఉండిపోతుంది, మెరుపంతా పల్చబడినట్టవుతుంది. లేయర్ మెనూలో లేయర్ స్టైల్ కింద స్కేల్ ఎఫెక్ట్స్ ఉంటుంది, అందులో 200 ఇవ్వండి. స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చుకోమని కొందరు చెబుతారు. చిన్నది చేయడానికి బాగానే ఉంటుంది, పెద్దది చేస్తే మసకబారుతుంది. అందుకని ఫ్లెక్సీకి కావాలంటే మొదటి నుంచే ఫ్లెక్సీ సైజులో చేయడం మేలు.

ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీని 72 రిజల్యూషన్‌లో (అంగుళానికి 72 పిక్సెళ్లు) చేస్తే 5184 × 3456 పిక్సెళ్లు అవుతుంది. మన 1920 ఫైలుకు అది 2.7 రెట్లు. కాబట్టి పైన 10 అన్నచోట 27, 5 అన్నచోట 13 లేదా 14. శాతాలు, యాంగిళ్లు మారవు. రిజల్యూషన్ ఎంత కావాలో షాపువాళ్లను ముందే అడగండి, మిషన్‌ను బట్టి ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు.

గింప్‌లో చేసేవాళ్లకు

గింప్‌లో తెలుగు వత్తులు ఏ సెట్టింగూ లేకుండా సరిగ్గా పడతాయి, అది పెద్ద సుఖం. టెక్స్ట్ టైప్ చేసి, లేయర్ మీద కుడి క్లిక్ చేసి ఆల్ఫా టు సెలెక్షన్ ఎంచుకోండి. కొత్త లేయర్లో ముదురు నుంచి లేతకు గ్రేడియంట్ వేయండి. తర్వాత సెలెక్ట్ మెనూలో ష్రింక్ 5 ఇచ్చి, ఎలిప్స్ సెలెక్ట్ టూల్‌ను ఇంటర్‌సెక్ట్ మోడ్‌లో వాడి, ఆరో మెట్టులో చెప్పినట్టే ఇంకో కొత్త లేయర్లో తెల్ల మెరుపు వేసి స్క్రీన్ మోడ్ పెట్టండి. నీడకు ఫిల్టర్స్‌లో లైట్ అండ్ షాడో కింద డ్రాప్ షాడో ఉంది. బెవెల్ జోలికి పోకపోయినా, మెరుపు అంచు పదునుగా ఉంటే గాజు భావం వచ్చేస్తుంది.

భద్రపరచడం, పంపడం

పీఎస్‌డీ ఎప్పుడూ దాచుకోండి, గింప్ అయితే ఎక్స్‌సీఎఫ్. "సంక్రాంతి" తీసి "ఉగాది" అని టైప్ చేస్తే రంగు, బెవెల్, నీడ అలాగే ఉంటాయి. మెరుపు లేయర్ మాత్రం మళ్లీ వేసుకోవాలి, అది అక్షరాన్ని బట్టి మారదు.

వేరే ఫోటో మీద పెట్టుకోవడానికైతే బ్యాక్‌గ్రౌండ్ ఆర్పి పీఎన్‌జీ తీయండి. స్క్రీన్ మోడ్ లేయర్ అక్షరాల లోపలే ఉంది కాబట్టి తేడా రాదు. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే కుదించేటప్పుడు ముందు పోయేది ఆ పదునైన అంచే.

ప్రింటుకు సీఎంవైకే (ప్రింటు సిరాల రంగుల మోడ్) అడిగితే నేరుగా మోడ్ మార్చకండి. లేయర్లు విడిగా ఉండగా మారిస్తే స్క్రీన్, మల్టిప్లై లెక్కలు మారి మెరుపు వేరేలా వస్తుంది. ఫైలుకు నకలు తీసి, ఫ్లాటెన్ చేసి (లేయర్లన్నీ ఒకటిగా కలిపి), ఆ నకలునే మార్చండి. మార్చేముందు కంట్రోల్ + వై నొక్కితే ప్రింటులో రంగు ఎలా పడుతుందో తెరమీదే అంచనాగా కనిపిస్తుంది. ఎరుపు కాస్త తగ్గుతుంది, ఫర్వాలేదు. మెరిసే నీలం, చిలకాకుపచ్చ మాత్రం బాగా డల్ అవుతాయి. అలాంటి రంగులు కావాలని కస్టమర్ పట్టుబడితే చిన్న ముక్క ప్రింటు తీయించి చూపించాకే మొత్తానికి ఆర్డరివ్వండి.